సంతకం లేని పాత ఆయిల్ పెయింటింగ్‌ను మొదట వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: తాతగారి ఇంటి అటక మీద పాత ఆయిల్ పెయింటింగ్ దొరికింది. కొండలు, చెరువు ఉన్న దృశ్యం. సంతకం లేదు, బాగా పసుపెక్కింది. తుడవచ్చా? విలువ ఎలా తెలుస్తుంది?

దయచేసి తుడవకండి. సబ్బునీళ్లు, స్పిరిట్, కోసిన బంగాళాదుంప, ఏదీ వద్దు. ఆ పసుపు చాలాసార్లు రంగుది కాదు, పైన పూసిన వార్నిష్‌ది. నిపుణులు దాన్ని తీయగలరు. మీ చేతిలో రంగు కూడా లేచిపోతే మళ్లీ రాదు.

సంతకం లేదని బెంగ వద్దు. అసలు కథ వెనక వైపే ఉంటుంది. విన్సర్ అండ్ న్యూటన్ లాంటి చిత్రకళా సామగ్రి కంపెనీ ముద్ర కనిపిస్తే, అందులోని చిరునామాను బట్టి కాలం అంచనా వేస్తారు. పాత చీటీలు, చేతిరాతలు పీకేయకండి, ఫొటోలు తీయండి. వాడిన రంగులు కూడా కాలం చెబుతాయి: టైటానియం తెలుపు అనే తెల్లరంగు 1920ల నుంచే వాడుకలోకి వచ్చింది. అది అసలు రంగుల్లోనే ఉంటే బొమ్మ అంతకన్నా పాతది కాదు. తర్వాత ఎవరో చేసిన మరమ్మతులోనూ ఉండొచ్చు, అందుకే ల్యాబ్ పరీక్ష కావాలి.

రంగు పెచ్చులు లేస్తుంటే బొమ్మ పైకి వచ్చేలా పడుకోబెట్టి, ఇన్‌టాక్ (కళా, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే సంస్థ) సంరక్షణ కేంద్రాన్ని సంప్రదించండి. ఎండ, తేమగోడ తగలనివ్వకండి. 100 ఏళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం విదేశాలకు పంపి అమ్మడం కుదరదు.