పేనుకొరుకుడుకు గురివింద గింజ రాయాలా, ఇంజెక్షన్ చేయించుకోవాలా?

మీ చెల్లెలికి తలమీద రెండుచోట్ల రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిందని, ఇంట్లో పెద్దవారు గురివింద గింజ అరగదీసి రాయమంటున్నారని, చర్మవైద్యుడేమో ఇంజెక్షన్లు చేయాలన్నారని, పైగా పెళ్లి సంబంధాలు చూస్తున్న సమయమని రాశారు. మొదటి మాట మొదటే చెబుతాను: గురివింద జోలికి వెళ్లవద్దు. నేను జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాను, ఈ జబ్బు నాకూ వచ్చి తగ్గింది. కనుక ఈ రెండు విషయాల్లోనూ నన్ను ఎవరూ తేలికగా ఒప్పించలేరు.

గురివిందను మా పుస్తకాల్లో అబ్రస్ ప్రికటోరియస్ అంటారు. దాని గింజలో అబ్రిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. జీవకణం తనకు కావలసిన ప్రోటీన్లు తయారుచేసుకోకుండా అడ్డుకోవడం దాని పని. ఆముదపు గింజలోని రిసిన్ కూడా ఈ కోవకే చెందుతుంది గాని, అబ్రిన్ దానికంటె తీవ్రమైనది. గింజ పెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగినవారు చాలాసార్లు ప్రమాదం లేకుండా బయటపడతారు. సానమీద అరగదీయడమంటే ఆ పెంకు ఇచ్చే రక్షణను మన చేతులారా తొలగించడమే. దానికి తోడు మన ఊళ్లలో ముందుగా గరుకు ఆకుతో ఆ చోటు ఎర్రబడేదాకా రుద్ది, ఆ తరువాతనే ముద్ద పూస్తారు. మా పిన్నిగారి అబ్బాయికి అలాగే చేస్తే బొబ్బలు లేచి, చీము పట్టి, చివరకు అక్కడ మచ్చ మిగిలింది. పేనుకొరుకుడు వల్ల పోయిన జుట్టు తిరిగి వచ్చేదేమో గాని, మచ్చ కట్టిన చోట కుదుళ్లే ఉండవు కనుక అక్కడ ఇప్పటికీ వెంట్రుక మొలవలేదు. ఆయుర్వేదం ఈ జబ్బును ఇంద్రలుప్తమని పిలిచి గురివిందను చెప్పిన మాట నిజమే. అయితే ఆ శాస్త్రమే దాన్ని శుద్ధి చేయకుండా వాడవద్దని కూడా చెప్పింది. మన పెద్దవారికి మొదటి సగమే గుర్తుంటుంది. ఆ గింజను కంసాలులు బంగారం తూచడానికి వాడుకున్నారు, దానికి ఆ గౌరవం చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ జబ్బుకు ప్రతి ఊరిలోనూ తిరుగులేని మందు ఒకటి ఉంటుంది, ప్రతి మందుకూ సాక్షులుంటారు, ఆ సాక్షులెవరూ అబద్ధాలకోరులు కారు. ఒకటి రెండు ప్యాచ్‌లతో ఆగినవారిలో మూడోవంతు నుంచి సగం మంది వరకు ఏ మందూ వాడకుండానే ఏడాదిలోపు జుట్టు తిరిగి వస్తుంది. ఆ ఏడాదిలో వారు తలకు ఏది రాసుకుని ఉంటే దానికి పేరు వస్తుంది. ఉల్లిపాయ రసం రాసినవారు ఉల్లిని, వెల్లుల్లి రాసినవారు వెల్లుల్లిని, తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకున్నవారు స్వామిని తలచుకుంటారు. ఉల్లిరసం మీద 2002లో బాగ్దాద్ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించి మంచి ఫలితాలు వచ్చాయన్నారు గాని, అది కొద్దిమంది మీద చేసిన చిన్న అధ్యయనం. గుండు విషయంలో అయితే ఆ పాటి ఆధారం కూడా లేదు, ఎందుకంటే కత్తి చర్మం పైనున్న వెంట్రుకను మాత్రమే తీస్తుంది, జబ్బు ఉన్నది చర్మం లోపలి కుదురులో.

ఆ కుదురు దగ్గర జరిగేదేమిటో ఇంట్లో అందరికీ తెలిస్తే సగం వైద్యాలు వాటంతట అవే ఆగిపోతాయని నా నమ్మకం. పెరిగే దశలో ఉన్న వెంట్రుక కుదురును శరీర రక్షణ వ్యవస్థ మామూలుగా పట్టించుకోదు, దానికి ఒక మినహాయింపు ఉంటుంది. ఈ జబ్బులో ఆ మినహాయింపు చెదిరిపోయి, క్రిములను చంపవలసిన టి కణాలు కుదురు అడుగుభాగం చుట్టూ మూగుతాయి. సూక్ష్మదర్శినిలో ఆ దృశ్యాన్ని చూసిన వైద్యులు దానిని తేనెటీగల గుంపుతో పోల్చారు. దాడికి గురైన కుదురు పని ఆపుతుంది, వెంట్రుక రాలిపోతుంది. అయితే కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలు కుదురు పైభాగంలో ఉంటాయి, వాటికి సాధారణంగా హాని జరగదు. అందువల్లనే ఆ చోటు మచ్చ లేకుండా నున్నగా ఉంటుంది, ఏళ్ల తరువాత కూడా జుట్టు తిరిగి వచ్చే అవకాశం మిగిలి ఉంటుంది. పేను గాని, నీళ్లు గాని, షాంపూ గాని దీనికి కారణం కావు, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే జబ్బు ఇది. 2022 మార్చిలో ఆస్కార్ వేదికమీద తన భార్య గుండుపై హాస్యమాడిన క్రిస్ రాక్‌ను నటుడు విల్ స్మిత్ చెంపమీద కొట్టినప్పుడు ఆమెకున్న అలోపీషియా, అంటే జుట్టు ఊడే జబ్బు గురించి లోకమంతా మాట్లాడింది. ఆ దృశ్యాన్ని ఫోన్‌లో పదేపదే చూసిన మా బంధువులే ఆ తరువాత నా తల చూసి, దువ్వెన ఎవరికీ ఇవ్వవద్దని చెప్పారు.

నాకు నడినెత్తిన ఒకటి, ఎడమ చెవి పైన ఒకటి ప్యాచ్‌లు వచ్చాయి. గుంటూరులో నేను వెళ్లిన చర్మవైద్యురాలు ముందుగా నా తల కాకుండా గోళ్లు చూశారు. గోళ్లమీద సూదితో పొడిచినట్టు గుంటలుంటే జబ్బు మొండిదయ్యే అవకాశం ఎక్కువట. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ గాని బొల్లి గాని ఉన్నాయా అని అడిగి, ప్యాచ్ అంచున ఉన్న జుట్టును వేళ్లతో పట్టి మెల్లగా లాగి, ఎన్ని చేతికి వచ్చాయో చూశారు. ఆ తరువాత డెర్మోస్కోప్ అనే చిన్న పరికరాన్ని ఆనించి దాని చిత్రాన్ని ఫోన్ తెరమీద నాకు చూపించారు. పసుపు చుక్కలు, నల్ల చుక్కలు, వాటి మధ్య పైన లావుగా ఉండి అడుగుకు వచ్చేసరికి సన్నబడిన పొట్టి వెంట్రుకలు కనిపించాయి. జబ్బు ఇంకా చురుకుగా ఉన్నదనడానికి ఆ వెంట్రుకలే గుర్తని చెప్పారు. పాఠం చెప్పేవారికి పాఠం వినడం ఇష్టమే కనుక నేను ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాను. మావారు మాత్రం సిరంజి కనిపించగానే గోడవైపు తిరిగి క్యాలెండర్‌లో ఏకాదశి ఎప్పుడో వెతకడం మొదలుపెట్టారు.

మందు పేరు ట్రయామ్సినలోన్, మన దగ్గర కెనాకార్ట్ పేరుతో ఎక్కువగా దొరుకుతుంది. దాన్ని సెలైన్‌తో పలుచన చేసి ఇన్సులిన్ సిరంజిలోకి తీసుకున్నారు. తలకైతే మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల వరకు, గడ్డానికైతే 2.5 మిల్లీగ్రాములు చాలునన్నారు. ఐస్‌తో కాసేపు మొద్దుబార్చి, సెంటీమీటరు దూరానికొక చోట సూది దింపుతూ, దింపిన ప్రతిచోటా మిల్లీలీటరులో పదోవంతు మందు ఎక్కించారు. ఎక్కించిన చోటల్లా చర్మం తెల్లటి బొడిపెగా లేచి మెల్లగా అణిగిపోయింది. నొప్పి లేదని చెప్పను. నడినెత్తిన గుచ్చితే కళ్లలో నీళ్లు వాటంతట అవే తిరుగుతాయి, కాని మొత్తం పని ముగియడానికి నిమిషాలు చాలు. నడినెత్తిది పూర్తి కాగానే చెవి పైన ఉన్నదాన్ని ముట్టుకోవద్దన్నాను. “ఏమ్మా, ప్రయోగమా?” అని ఆమె నవ్వారు. “మందువల్ల వచ్చిందో, దానంతట అది వచ్చిందో నాకు తెలియాలి కదా డాక్టరుగారూ” అన్నాను. “చిన్నదే కాబట్టి సరే, పెరిగితే మాత్రం మీ మాట వినను” అని సిరంజి పక్కన పెట్టారు.

ఈ ఇంజెక్షన్లు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి చేస్తారు. రెండోసారికి వెళ్లేలోపే నడినెత్తిన జుట్టు కనిపించింది. అది ప్యాచ్ అంతటా సమానంగా రాలేదు, సూది దిగిన చోట్ల మాత్రమే చిన్న చిన్న గుంపులుగా వచ్చింది. ఫోన్‌లో తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే సూది దిగిన వరుసలు వెంట్రుకల్లో తెలిశాయి. చెవి పైన అప్పటికింకా నున్నగానే ఉంది. అంతకు మించిన రుజువు నాకు అక్కరలేదు, గణాంకశాస్త్రం తెలిసినవారు నవ్వితే నవ్వనివ్వండి. చెవి పైనది కూడా కొన్ని నెలల తరువాత దానంతట అదే నిండింది. ఆ ఘనతను మా అత్తయ్యగారు తాము మొక్కిన మొక్కుకు జమ కట్టారు, నేను కాదనలేదు. మొదట వచ్చిన వెంట్రుకలు తరచు తెల్లగా ఉంటాయని మీ చెల్లెలికి ముందే చెప్పి ఉంచండి. నాకు అవి తరువాత నల్లబడ్డాయి. ఈ వైద్యానికి నష్టం లేకపోలేదు. మందు మోతాదు ఎక్కువైతే ఆ చోటు గుంటపడుతుంది, అది చాలావరకు కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఆరు నెలలు చేసినా ఫలితం లేకపోతే ఆపమని అడగండి. అప్పటికీ కొనసాగించే వైద్యుడు కనిపిస్తే వైద్యుణ్ణే మార్చండి.

వైద్యుల గురించి మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. నేను అంతకుముందు వెళ్లిన ఒకచోట నా తలను ముట్టుకోకుండానే “టెన్షన్ తగ్గించుకోండి” అని, బయోటిన్ మాత్రలు, సీరం, షాంపూ కలిపి పొడవాటి చీటీ రాసి, ఆ మందులన్నీ తమ కౌంటర్లోనే కొనమన్నారు. ఈ జబ్బుకు బయోటిన్ పనిచేస్తుందనడానికి ఆధారం లేదు. అంతకంటె పెద్ద ఇబ్బంది ఏమిటంటే, అధిక మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షలను తారుమారు చేస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరిక జారీ చేసింది. ఈ జబ్బు ఉన్నవారికి థైరాయిడ్ పరీక్ష చేయించడం పరిపాటి, ఆ మాత్రలు మింగుతూ పరీక్షకు వెళితే లేని థైరాయిడ్ కాగితంమీద కనిపించవచ్చు. కనుక మీ చెల్లెలు అటువంటి మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌కు వెళ్లేముందు వైద్యునికి చెప్పమనండి. మెడికల్ షాపువారు చీటీ లేకుండా ఇచ్చే, స్టెరాయిడ్‌ను ఫంగస్ మందుతో కలిపిన ట్యూబులు కూడా వద్దు. పిల్లల తలలో పొట్టు లేచి, దురదపెట్టి, వెంట్రుకలు విరిగితే అది పేనుకొరుకుడు కాకుండా తామర అయ్యే అవకాశమే ఎక్కువ. తామరమీద స్టెరాయిడ్ రాస్తే అది ముదురుతుంది. ఊళ్లో ఆర్ఎంపీగారు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలతో జుట్టు త్వరగా వచ్చిన మాట నిజమే కావచ్చు, ఆపగానే మళ్లీ ఊడిన మాట మాత్రం ఎవరూ ప్రచారం చేయరు.

మీ చెల్లెలివి రెండే ప్యాచ్‌లు అన్నారు గనుక ఇప్పుడు చెప్పబోయే వైద్యాల అవసరం రాకపోవచ్చు గాని, సగం తల ఖాళీ అయినా, మెడపై వెంట్రుకల అంచు వెంబడి పట్టీలా ఊడుతున్నా, కనుబొమలు పోతున్నా దారి వేరు. చర్మంమీద కావాలని అలర్జీ పుట్టించే డీపీసీపీ అనే పూత వైద్యం చాలా ఏళ్లుగా ఉన్నది. ఆ తరువాత జాక్ నిరోధకాలు, అంటే రక్షణ కణాల్లోని జాక్ అనే ఎంజైములను అడ్డుకునే మందులు వచ్చాయి. 2014లో అమెరికాలోని యేల్ వైద్యులు సోరియాసిస్‌తో పాటు ఒంటిమీద వెంట్రుకే లేని ఒక యువకుడికి కీళ్లవాతపు మందు టోఫాసిటినిబ్ ఇస్తే నెలల్లో జుట్టు మొలిచింది. 2022 జూన్‌లో బారిసిటినిబ్‌కు జబ్బు తీవ్రంగా ఉన్న పెద్దవారి కోసం, 2023 జూన్‌లో రిట్లెసిటినిబ్‌కు 12 ఏళ్లు దాటినవారి కోసం ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. బారిసిటినిబ్ పరీక్షల్లో 4 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో నూటికి సుమారు 36 నుంచి 39 మందికి 36 వారాల్లో తలలో 80 శాతం మేర జుట్టు నిలిచింది. అంటే మిగిలినవారికి ఆ మేర రాలేదన్నమాట, ఈ లెక్క చెప్పకుండా ఆశ పెట్టేవారు మీకు చాలామంది ఎదురవుతారు. ఈ మందులు రక్షణ వ్యవస్థను అణచివేస్తాయి కనుక మొదలుపెట్టే ముందు టీబీ, కామెర్ల పరీక్షలు తప్పనిసరి, ఆపితే చాలామందికి మళ్లీ ఊడుతుంది. రెండు రూపాయి బిళ్లల కోసం వీటి గురించి ఆలోచించవద్దు.

చివరిగా పెళ్లివారికి చెప్పాలా అన్నారు. దాచడం కుదరదు, ఎందుకంటే ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్లీ రావడం మామూలే, రేపు అత్తవారింట్లో బయటపడితే జబ్బుకంటె దాచిన సంగతే పెద్దదవుతుంది. ఎప్పుడు, ఎవరు, ఎంతవరకు చెప్పాలన్నది మాత్రం మీరూ మీ అమ్మగారూ కూర్చుని తేల్చవలసినది కాదు. మీ ప్రశ్నలో చెల్లెలి జుట్టు ఉన్నది, మీ అమ్మగారి మాట ఉన్నది, వైద్యుని మాట ఉన్నది, ఆ అమ్మాయి ఏమంటున్నదో మాత్రం ఒక్క వాక్యం లేదు. సూది గుచ్చవలసినది ఆమె తలకు కనుక, చేయించుకుంటుందో, కొన్ని నెలలు ఆగి చూస్తుందో ముందు ఆమెనే అడగండి. ఆగి చూడటం కూడా వైద్యులు ఒప్పుకునే మార్గమే.