పగులు లోపలి రంగు చూడు

అల్లుడూ, ఫొటోలు చూశాను. లారీ కమాన్ కట్టలతో చేసిన పన్నెండు ఉలుల్లో ఐదు పగిలాయని, ఆ కట్టలు అమ్మినతను మోసం చేశాడని రాశావు. అతని మీదికి పోయే ముందు, పగిలిన ఉలిని వైస్‌లో బిగించి సుత్తెతో కొట్టి ఆ పగులు దగ్గరే రెండు ముక్కలు చెయ్యి, లోపలి ముఖం ఎండలో పెట్టి చూడు. కొలిమి వేడికి పుట్టే నల్ల పొలుసు కనిపిస్తే ఆ పగులు నువ్వు ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచకముందే ఉంది, పాత కట్టలోదో, నువ్వు సాగగొట్టినప్పుడు వచ్చిందో. పసుపో నీలమో ఛాయ ఉంటే ముంచినప్పుడే చీలింది, టెంపరింగ్ వేడికి, అంటే ముంచాక పెళుసుతనం తగ్గడానికి మళ్లీ పెట్టే తక్కువ వేడికి, రంగెక్కింది. శుభ్రంగా బూడిదరంగులో ఉంటే పగిలాక దానికి మంట తగల్లేదు.

నా అనుమానమంతా నీ నీళ్ల తొట్టి మీదే. కమాన్ ఇనుములో సిలికాన్, మాంగనీస్ ఉంటాయి, దాన్ని నూనెలోనే ముంచాలి. నీళ్లలో పైపొర ముందే గట్టిపడిపోతుంది, తర్వాత లోపలిది గట్టిపడుతూ కొంచెం ఉబ్బుతుంది, అప్పటికే గాజులా అయిన పైపొర సాగలేక చీలుతుంది. నూనెను 50, 60 డిగ్రీలకు వేడిచేసి పెట్టుకో, చుక్క నీరు కూడా కలవనీయకు, మంట లేస్తుంది.

ఇంకోటి, బ్లోయర్ గాలి నేరుగా ఇనుముకు కొట్టనీయకు. బొగ్గు మందంగా పరిచి దాని మధ్యలో పెట్టు. లేకుంటే పొలుసుతో పాటు పైపొరలోని కార్బన్ కూడా పోతుంది, అప్పుడు పైపొర మెత్తబడి ఆకురాయి జారకుండా దిగుతుంది, నువ్వేమో ముంచడం సరిగా కాలేదని ఇంకా ఎక్కువ కాలుస్తావు, ఇనుము లోపలి రేణువు ముతకబడి మళ్లీ పగులుతుంది! అయస్కాంతం అంటుకోవడం 770 డిగ్రీల దగ్గర ఆగుతుంది, ఆ పైన కొంచెం ఎర్రబడితే చాలు.

ముంచాక మాత్రం ఆలస్యం వద్దు. నల్గొండలో షెడ్డు పెట్టిన కొత్తల్లో, పొద్దున టెంపర్ చేద్దామని ఎనిమిది ఉలులు బల్లమీద వదిలి పడుకున్నాను. రాత్రి చీకట్లో 'టిక్' మని చప్పుడు, కాసేపటికి మళ్లీ. పొద్దునకు మూడు పగిలాయి. అప్పటినుంచి చేతికి వెచ్చగా ఉండగానే మొన తోమి మెరిపించి వేడి పెడతాను, గడ్డి రంగు దాటి ఊదారంగు తిరగబోతుండగా ఆపుతాను. ఆ రంగు కూడా పలచని ఆక్సైడ్ పొరే.

ముక్కలు చేశాక లోపలి ముఖం ఫొటో దగ్గరగా తీసి పంపు, మబ్బులో కాదు, మధ్యాహ్నం ఎండలో.