నవలల్లో జోస్యాలను నమ్మొచ్చా? మా అమ్మమ్మ గడప మీద చెప్పిన జవాబు

"ఫాంటసీ నవలల్లో చెప్పే జోస్యాలను నమ్మొచ్చా, లేక పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించడానికే పెడతారా?" అని అడిగారు. ఒక నవల మూడు భాగాలు ఓపిగ్గా చదివాక చివర్లో జోస్యం అర్థం తిరగబడిందనీ, మోసపోయినట్టు అనిపించిందనీ రాశారు. నా జవాబు ఇది. జోస్యంలోని మాటల్ని అక్షరం పొల్లు పోకుండా నమ్మండి. కథలో ఎవరైనా ఆ మాటలకి అర్థం విప్పి చెబితే మాత్రం వాళ్ళని నమ్మకండి. ఈ సంగతి నాకు ఏ నవలా నేర్పలేదు. తొమ్మిదేళ్ళ వయసులో పంటు అనే బల్లకట్టు మీద గోదావరి దాటుతున్నప్పుడు మొదలై, ఆ సాయంత్రం మా అమ్మమ్మ ఇంటి గడప మీద తెలిసింది.

మాది నరసాపురం. అమ్మమ్మ వాళ్ళది వశిష్ఠ గోదావరికి అవతల, సఖినేటిపల్లి దగ్గర. ఏటా భీష్మ ఏకాదశి రథానికి అంతర్వేది వెళ్ళేవాళ్ళం. ముందు రోజే పంటు దాటి, రాత్రికి అమ్మమ్మ ఇంట్లో పడుకుని, తెల్లవారుజామునే బయల్దేరడం అలవాటు. ఆ ఏడు మమ్మల్ని తీసుకెళ్ళడానికి అమ్మమ్మే వచ్చింది.

పంటు నిండా సైకిళ్ళు, అరటి గెలలు, తీర్థానికి పోయే జనం. మా తమ్ముడికి పంటు ఊగితే భయం. ఎక్కినప్పటి నుంచీ అమ్మమ్మ ఒళ్ళోంచి దిగలేదు. వాణ్ణి మరిపించడానికి ఆవిడ హిరణ్యకశిపుడి కథ ఎత్తుకుంది. మాకు తెలిసిన కథే. కానీ ఆ రోజు వరం దగ్గర ఆపేసింది. లోపల చావకూడదు, బయట చావకూడదు. పగలు కాకూడదు, రాత్రి కాకూడదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ప్రాణం ఉన్నదాంతో కాదు, లేనిదాంతో కాదు. మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు.

"స్వామి సింహం తలతో వస్తాడని మీకు తెలుసు, అది వదిలేయండి. మిగతాది చెప్పండి. ఎక్కడ చంపాలి, ఎప్పుడు చంపాలి, దేంతో చంపాలి?"

మా మావయ్య కొడుకు రెయిలింగు అవతల నీళ్ళు చూపించాడు. "గోదాట్లో ముంచేస్తే? నేలా కాదు, ఆకాశమూ కాదు."

"నీళ్ళ కింద నేల లేదంట్రా?"

నేను పీక నులమాలన్నాను. చేతులకి ప్రాణం ఉంది కదే అంది. పక్కన కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్నాయన అంతసేపూ వింటూనే ఉన్నాడు. "ఆయ్, గ్రహణం పట్టినప్పుడైతేనండి మామ్మగారూ? అప్పుడు చీకటే కదండి?" అన్నాడు. "గ్రహణం పట్టినా పగలు పగలేనయ్యా" అంది. ఆయన కూడా ఆలోచనలో పడ్డాడు. పంటు అవతలి రేవుకి ఆనేదాకా ఎవరికీ తట్టలేదు. దిగేటప్పుడు అమ్మమ్మ, "మూడూ మనింట్లోనే ఉన్నాయి, పదండి" అంది.

అమ్మమ్మ ఇంట్లో మూడు విషయాలకి మాకు రోజూ చీవాట్లు పడేవి. గడప మీద కూర్చోకూడదు. సందె వేళ పడుకోకూడదు. గోళ్ళు ఇంట్లో కత్తిరించకూడదు. తెలుగిళ్ళలో పుట్టినవాళ్ళెవరూ ఈ చీవాట్లు తప్పించుకుని ఉండరు.

ఆ సాయంత్రం దీపం పెట్టాక ఆవిడే వెళ్ళి వీధి గడప మీద కూర్చుంది. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప అది. మేం పొరపాటున తొక్కినా వీపు మీద ఒకటి పడేది. నన్ను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కాళ్ళు కింద ఆనకుండా పైకి పెట్టుకోమంది. "ఇప్పుడు ఇంట్లో ఉన్నావా, వీధిలో ఉన్నావా?" వీపుకి వంటింటి పొయ్యి వేడి తెలుస్తోంది, మొహానికి కాలవ మీది చలిగాలి కొడుతోంది. ఏమీ చెప్పలేకపోయాను. "పగలా, రాత్రా?" కొబ్బరి మొవ్వుల మీద ఇంకా వెలుగుంది, మొదళ్ళ దగ్గర చీకటి పడిపోయింది. "నేల మీద ఉన్నావా?" లేను, ఆవిడ ఒళ్ళో ఉన్నాను. తర్వాత నా చూపుడు వేలు పట్టుకుని గోరు నొక్కింది. "దీనికి ప్రాణం ఉందా, లేదా?" కత్తిరిస్తే నొప్పి పుట్టదు. కానీ పెరుగుతూనే ఉంటుంది.

నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళుగా ఎన్నో నవలలు చదివాను, ఏ మలుపు దగ్గరా అలా అవ్వలేదు. ఎందుకంటే జవాబు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. రోజూ తిట్లు తింటూ దాటుతున్న గడపే జవాబు. ఆ వరంలో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. "లోపలా కాదు, బయటా కాదు" అంటే ఇక చోటే లేదని హిరణ్యకశిపుడు తనకు తాను అర్థం చెప్పుకున్నాడు. ఆ చోటు అతని ఇంటికీ ఉంది.

వరం వేరు, జోస్యం వేరు అని ఎవరైనా అంటారేమో. కథలో రెండూ చేసే పని ఒకటే, ముగింపు ఏమిటో ముందే చెప్పేయడం. కొన్ని జోస్యాల్లో పొడుపు కూడా ఉండదు. దేవకి పెళ్ళి రథం తోలుతున్న కంసుడికి అశరీరవాణి సూటిగానే చెప్పింది, ఎనిమిదో బిడ్డ చేతిలో నీ చావు అని. అక్కడ అర్థంలో తికమక లేదు. ఆ మాట విన్నాక కంసుడు ఏం చేశాడన్నదే కథ. హ్యారీ పాటర్‌లోనూ ఇలాంటి ఏర్పాటే. జోస్యం జులై చివర్లో పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఎవరికైనా సరిపోతుంది. సగమే తెలిసిన విలన్ హ్యారీని ఎంచుకుని చంపబోయాడు. దాంతో జోస్యం హ్యారీదైపోయింది. అక్కడ పాఠకుణ్ణి ఎవరూ మోసం చేయలేదు.

నాకు గొడవ ఉన్నది షేక్‌స్పియర్‌తో. ఆయన నాటకంలో రాజు మాక్‌బెత్‌కి చెప్పే జోస్యాల్లో రెండు చూడండి. అడవి కదిలి కొండ మీదికి వచ్చేదాకా నీకు ఓటమి లేదని ఒకటి. అది నాకు ఇష్టం, సైనికులు కొమ్మలు నరికి అడ్డం పెట్టుకుని నడుస్తారు, కళ్ళ ముందు అడవి కదులుతుంది. రెండోది, స్త్రీకి పుట్టినవాడెవడూ నిన్నేమీ చేయలేడని. చివర్లో శత్రువు వచ్చి, నన్ను అమ్మ కడుపు కోసి తీశారు అంటాడు. కోసి తీస్తే మాత్రం పుట్టినట్టు కాదా? మా వీధిలో చాలామంది పిల్లలు ఆపరేషన్‌తో పుట్టినవాళ్ళే. వాళ్ళ అమ్మల ముందు ఈ మాట అని చూడండి. పైగా ఆ సంగతి చివరి నిమిషం దాకా చూసేవాడికి ఎక్కడా దొరకదు. మహా రచయిత అని అందరూ మెచ్చుకోవచ్చు, ఈ ఒక్క చోట మా అమ్మమ్మ కథే గొప్పది. గడప మాకు ముందే తెలుసు. ఆ కత్తికోత సంగతి ఎవరికి తెలుసు?

మా డెల్టాలో పుట్టినవాళ్ళకి అసలైన హెచ్చరిక ఎలా ఉంటుందో కూడా తెలుసు. వరదొచ్చి భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షలు దాటింది. గోదావరి పాయల మధ్య లంకలో ఉండే మా మేనత్త ఫోన్లో భద్రాచలం అంకె చూసి, తమ ఊరికి నీళ్ళు ఎప్పుడొస్తాయో లెక్క వేసుకుని, గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలించింది. హెచ్చరిక ఒక్కసారి వినగానే అర్థమవ్వాలి, ఆలస్యమైతే ప్రాణాలు పోతాయి. కథలో జోస్యం మొదటిసారి వినగానే అర్థమైపోతే కథే పోతుంది. దాన్ని హెచ్చరికలా చదివినవాళ్ళకే మోసపోయామన్న బాధ.

ఆ వరద తీశాక జరిగింది కూడా చెప్పాలి. బురద ఇంకా ఆరలేదు, "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అని ఫోన్ల నిండా వీడియోలు. వరదకి ముందు రోజు ఈ మాట ఒక్కరూ అనలేదు. వీరబ్రహ్మంగారంటే నాకు గౌరవమే. ఆయన పేరు మీద తోచిన ప్రతి సంగతీ అతికించేవాళ్ళ మీదే నా కోపం. ఏ వరదైనా, ఏ రోగమైనా, ఏ రాజకీయమైనా ఆయన ఖాతాలో వేసేస్తారు.

ఇప్పుడొచ్చే చాలా ఫాంటసీ నవలలూ ఇదే పని చేస్తున్నాయి. "చీకటి కమ్ముతుంది, ఒక వెలుగు లేస్తుంది" అని మొదట్లో ఒక మాట. అది ఎవరికైనా, దేనికైనా సరిపోతుంది. నాలుగు వందల పేజీల తర్వాత ఒక ముసలి గురువు వచ్చి, ఆ వెలుగు నువ్వే బాబూ అంటాడు. యాప్‌లలో వచ్చే సీరియల్స్‌లో అయితే ప్రతి హీరోకీ పుట్టకముందే ఒక జోస్యం. రచయిత ముందే దాచింది ఏమీ లేనప్పుడు చివర్లో విప్పడానికి మాత్రం ఏముంటుంది? మీరు చదివింది ఇలాంటిదే అయితే మీ కోపం న్యాయమైనదే.

అలా కాకపోతే మాత్రం ఒక పని చేయండి. జోస్యం చెప్పిన అధ్యాయానికి వెనక్కి వెళ్ళండి. ఆ మాటలు ఒక కాగితం మీద రాసుకుని, ఎవరూ చెప్పని అర్థాలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఆ చుట్టుపక్కల పేజీల్లో ఆ ఇల్లు, ఆ మనుషుల అలవాట్లు, వాళ్ళు వద్దనుకునే పనులు ఏమున్నాయో చదవండి. జోస్యం వచ్చిన ప్రతి పుస్తకంలో నేను పెన్సిల్‌తో గీత గీసి, అంచున "గడప?" అని రాసుకుంటాను. చాలాసార్లు ముందే దొరికింది. మీ నవల పేరు కింద రాయండి, చదివి నాకు దొరికిందో లేదో చెబుతాను.