పరీక్షలు ముంగిట పెట్టుకుని గ్రూపు గొడవ ఎందుకు?

ప్రశ్న: మేడమ్, మాది నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. ఎరువుల దుకాణం ఉంది. పాప పదో తరగతి. మొదట్నుంచీ బాగానే చదివేది. ప్రీఫైనల్లో లెక్కల్లో 80కి 41 వచ్చాయి. అప్పటి నుంచి పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే కడుపులో నొప్పి అంటుంది, తిన్నది కక్కేస్తుంది. డాక్టరు గారు స్కానింగ్ తీయించి ఏమీ లేదన్నారు. మా ఆయన హైదరాబాద్ హాస్టల్లో వేసి ఎంపీసీ ఐఐటీ చదివిద్దామంటారు. కాలేజీ పీఆర్వో రెండుసార్లు ఇంటికొచ్చాడు, ఇప్పుడు అడ్వాన్స్ కడితేనే కన్సెషన్ అంటున్నాడు. మా అన్నయ్య బైపీసీ అంటాడు. నాకూ డాక్టరైతే బాగుండనిపిస్తుంది. పాపను అడిగితే ‘మీ ఇష్టం’ అంటుంది. దానికి సోషల్ అంటే ఇష్టం, ఆదివారాలు దుకాణంలో ఉద్దెర పుస్తకం అదే రాస్తుంది. కానీ వాటితో ఏం ఉద్యోగాలొస్తాయి? ఏ గ్రూపు ఇప్పించమంటారు? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది గ్రూపు గురించి. నేను దాన్ని కాసేపు పక్కన పెట్టి ముందు ఇంకో మాట చెప్తాను. పదో తరగతి ఆఖరి పేపరు అయ్యేదాకా మీ ఇంట్లో ఎంపీసీ, బైపీసీ అన్న మాటలు ఎవరి నోటా రాకూడదు. మీ నోటా, మీ వారి నోటా, ఫోన్లో మీ అన్నయ్య నోటా. ఇది మిగతా సలహాలన్నిటికంటే ముఖ్యమైంది.

మీ పాప ఇప్పుడు రెండు పరీక్షలు రాస్తోంది. ఒకటి బోర్డు పెట్టేది. దానికి సిలబస్ ఉంది, పాత పేపర్లున్నాయి, సార్లున్నారు. రెండోది రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో జరిగేది. దానికి ఏ జవాబు రాసినా తప్పే. ఎంపీసీ అంటే అమ్మ మొహం చిన్నబోతుంది, బైపీసీ అంటే నాన్నకు కోపం, రెండూ కాదంటే ఇద్దరికీ బాధ. అందుకే ‘మీ ఇష్టం’ అంటోంది. దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. పిల్ల అలిసిపోయింది, ఎవర్నీ నొప్పించడం ఇష్టం లేదు, అంతే.

లెక్కల్లో మార్కులు తగ్గాక కడుపునొప్పి మొదలైందని మీరే రాశారు. ఆలోచించండి. మామూలుగా అయితే ఒక లెక్క తప్పితే పోయేది నాలుగు మార్కులు. మీ పాపకు ఇప్పుడు ఒక లెక్క తప్పితే నాన్న కల పోతుంది, హైదరాబాద్ కాలేజీ పోతుంది, పీఆర్వో ఎదుట నాన్న పరువు పోతుంది. ఇంత బరువు నెత్తిన పెట్టుకుని ఏ పిల్లయినా త్రికోణమితి చేయగలదా?

స్కానింగ్‌లో ఏమీ లేదంటే నొప్పి లేదని కాదు. భయం పట్టుకున్నప్పుడు ఒంట్లో విడుదలయ్యే హార్మోన్లు జీర్ణవ్యవస్థనూ తాకుతాయి. కడుపు తిప్పడం, వాంతి, విరేచనం, అరచేతుల్లో చెమట, అన్నీ నిజమైనవే. కాబట్టి ‘పరీక్షంటే చాలు నాటకాలు’ అన్న మాట బంధువులెవరైనా అంటే మీరు అడ్డం పడాలి. పరీక్ష రోజు పొద్దున బలవంతంగా నాలుగు ఇడ్లీలు పెట్టకండి. ఒక ఇడ్లీయో, కాస్త పెరుగన్నమో చాలు. తెలంగాణలో పరీక్ష 9.30కి మొదలవుతుంది కాబట్టి ఏడు, ఏడున్నరకల్లా తినేస్తే కడుపు కుదుటపడడానికి టైముంటుంది. నొప్పి మొదలైనప్పుడు పక్కన కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలమనండి. మీరూ తనతో పాటు చేయండి. ఐదు నిమిషాలు చేస్తే గుండెదడ తగ్గుతుంది. ఇది పరీక్ష నాడే మొదలుపెడితే కుదరదు, ఇవాళ్టి నుంచే రోజూ పడుకునే ముందు అలవాటు చేయండి.

నిద్ర తగ్గించొద్దు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి పదకొండు దాకా చదివించి తెల్లవారుజామున మూడింటికి లేపితే పేజీలు పెరుగుతాయి, గుర్తుండేది తగ్గుతుంది. ఒక పేపరు రాసి ఇంటికొచ్చాక కీ పట్టుకుని మార్కులు లెక్కేయడం కూడా ఆ పూటకే మానేయండి. రాసింది మారదు, తర్వాతి పేపరు మాత్రం పాడవుతుంది.

లెక్కల విషయం. 80కి 41 అంటే ఫెయిల్ కాదు, మీరు భయపడుతున్నంత ప్రమాదమూ కాదు. ఆ ప్రీఫైనల్ పేపరు తీసుకుని పాపను లెక్కల సారు దగ్గరకు పంపండి. పోయిన 39 మార్కుల్లో తెలియక పోయినవెన్ని, టైము చాలక వదిలేసినవెన్ని, తొందరలో తప్పు కూడికతో పోయినవెన్ని అని ఆయన ఎదుటే విడదీయమనండి. కంగారు పడే పిల్లలకు చాలాసార్లు చివరి రెండు రకాలే ఎక్కువుంటాయి. వాటికి కొత్త పాఠాలు అక్కర్లేదు. వారానికి రెండు పాత పేపర్లు, పరీక్ష పెట్టే టైముకే, గడియారం ముందు పెట్టుకుని రాస్తే చాలు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నిద్ర పూర్తిగా పోవడం, రోజుల తరబడి తిండి మానేయడం, స్నేహితులతో మాట్లాడకపోవడం, ‘నేనుండి ఏం లాభం’, ‘నేను లేకపోతే మీకు బాధ ఉండదు’ లాంటి మాటలు రావడం, వీటిలో ఏది కనిపించినా పరీక్షలయ్యాక చూద్దామని ఆగొద్దు. మానసిక బాధల్లో ఫోన్లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కూడా కలవొచ్చు. అలాంటి మాట వినిపిస్తే పిల్లను సూటిగా అడగండి: ‘చనిపోవాలనిపిస్తోందా తల్లీ?’ అని. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే పిల్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది. మీది పురుగుమందులు కూడా అమ్మే దుకాణమైతే, అలాంటి రోజుల్లో తాళాలు మీ వారి దగ్గరే ఉండాలి, పాపను అక్కడ ఒంటరిగా కూర్చోబెట్టొద్దు.

ఇక పీఆర్వో. ఫలితాలు వచ్చాక రండి అని ఒక్క ముక్క చెప్పి పంపించేయండి. అడ్మిషన్ల షెడ్యూలు ప్రకటించేది ఇంటర్ బోర్డు. అంతకంటే ముందు చేర్చుకోవద్దని కాలేజీలకు బోర్డు చెప్తూనే ఉంటుంది. ఇప్పుడు ఇస్తానంటున్న కన్సెషన్ మే నెలలో అడిగినా ఇస్తారు, కాస్త గట్టిగా బేరమాడితే ఇంకా ఎక్కువే ఇస్తారు. పిల్ల మార్కులు తెలియకముందే, తన మనసు తెలియకముందే అడ్వాన్స్ కట్టడమంటే కొలతలు తీసుకోకుండా జాకెట్ కుట్టించడమే.

పరీక్షలయ్యాక ఏం చేయాలో ఇప్పుడు చెప్తాను. ఇది మీరూ మీ వారూ మాత్రమే చదవండి.

మీ వారి వాదనలో నిజముంది. ఎంపీసీ చదివినవాళ్ళు తర్వాత బీకామ్‌కు వెళ్లొచ్చు, ఐదేళ్ళ లా కోర్సుకు వెళ్లొచ్చు, ఎకనామిక్స్ చదవొచ్చు. సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చదివి ఇంజినీరింగ్‌కు వెళ్లడం మాత్రం కుదరదు. కానీ ఎంపీసీ వేరు, ఐఐటీ బ్యాచ్ వేరు. మీ ఇంట్లో ఈ రెండూ ఒకటే అయిపోయాయి. పొద్దున ఆరు నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు, ప్రతి వారాంతం ఒక టెస్టు, ఆ ర్యాంకును బట్టి సెక్షన్ మారడం, ఇవన్నీ గ్రూపు తెచ్చిన కష్టాలు కావు, బ్యాచ్ తెచ్చినవి. ఇంటి దగ్గర్లో ఉన్న కాలేజీలో డే స్కాలర్‌గా ఎంపీసీ చదివి, రాష్ట్ర ఎంట్రన్స్ ఎప్‌సెట్ రాసి మంచి ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరుతున్నవాళ్ళు మీ మండలంలోనే ఉంటారు, వెతికి మాట్లాడండి. తెలంగాణ ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ 2023లోనే ఎత్తేశారు. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 40 శాతం ఉంటే అర్హత వస్తుంది, ర్యాంకు మొత్తం ఎంట్రన్స్‌ను బట్టే. ఈ మూడో దారి గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. పరీక్ష అంటేనే వాంతి చేసుకుంటున్న పిల్లను వారానికో ర్యాంకు పెట్టే చోటికి, అదీ అమ్మకు దూరంగా, ఈ ఏడాది పంపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. మీ వారికి నా మాటగా చెప్పండి.

మీ కోరిక గురించి కూడా నిజం చెప్పాలి. 2025లో నీట్ రాసినవాళ్ళు 22 లక్షలకు పైనే. దేశమంతటా ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు, అందులో మీలాంటి కుటుంబం భరించగల ఫీజులున్నవి ఇంకా తక్కువ. పాపకు జీవశాస్త్రం మీద మక్కువ ఉంటే ఈ లెక్కలు చూసి వెనక్కి తగ్గమనను. అగ్రికల్చర్ బీఎస్సీ, వెటర్నరీ, ఫార్మసీ, ఫిజియోథెరపీ, బైపీసీ వెనుక ఇంకా చాలా ఉన్నాయి. కానీ పాపకు బయాలజీ ఇష్టమని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు ఇష్టమని ఉంది. ఎంపీసీలో చేరితే డాక్టరయ్యే దారి శాశ్వతంగా మూసుకుపోతుందన్న బెంగ ఉంటే, ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనవాళ్ళూ నీట్ రాయొచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబరులో చెప్పింది.

మీరు చివర్లో రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పదిహేనేళ్ళ పిల్ల ఆదివారం సెలవు వదులుకుని ఉద్దెర పుస్తకం రాస్తోంది. ఏ రైతు ఎన్ని యూరియా బస్తాలు తీసుకెళ్లాడు, పంట చేతికొచ్చాక ఎంత కట్టాడు, బాకీ ఎంత, వడ్డీ ఎంత, ఇదంతా పేజీ తర్వాత పేజీ చూసుకుంటోంది. అక్కడ కూడికలు తప్పుతోందా? తప్పి ఉంటే మీ వారు పుస్తకం తన చేతికి ఇచ్చేవారు కాదు. అంటే లెక్క రాని పిల్ల కాదు. గడియారం, ర్యాంకు లేని చోట తనకు లెక్క బాగా వస్తుంది.

అందుకే ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్), సీఈసీలను మీ జాబితాలోంచి కొట్టేయకండి. ‘చదువు రానివాళ్ళ గ్రూపు’ అన్న ముద్ర ఊళ్ళో ఉంది, అది అన్యాయం. చార్టర్డ్ అకౌంటెంట్ కావడానికి మొదటి మెట్టు అయిన సీఏ ఫౌండేషన్‌కు పది పాసైతే పేరు నమోదు చేసుకోవచ్చు, ఇంటర్ అయ్యాక పరీక్ష రాయాలి. అకౌంటింగ్, బిజినెస్ లా, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, బిజినెస్ ఎకనామిక్స్ అని నాలుగు పేపర్లు. అదీ తేలిక కాదు, మొదటిసారికే గట్టెక్కేవాళ్ళు తక్కువమంది. సోషల్ ఇష్టపడే పిల్లకు లా కోర్సుల ఎంట్రన్స్‌లు లాసెట్, క్లాట్ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ళ ఎకనామిక్స్ కోర్సు ఉంది. ఎంఈసీలో లెక్కలూ ఉంటాయి కాబట్టి ఈ దారుల్లో దేనికీ ఇబ్బంది రాదు. అదే తీసుకోండి అని నేను తీర్పు చెప్పడం లేదు. పాపను చూసింది మీరు, నేను కాదు.

చూడటానికి ఒక పద్ధతి చెప్తాను. పరీక్షలు అయ్యాక వారం రోజులు పూర్తిగా వదిలేయండి. అమ్మమ్మ ఇంటికి పంపినా సరే. తర్వాత తెలిసినవాళ్ళ పిల్లల దగ్గర ఫస్టియర్ పుస్తకాలు అడిగి తెండి: లెక్కలు, ఫిజిక్స్, బోటనీ, ఎకనామిక్స్, కామర్స్. ఒక్కోదాంట్లో ఒక పాఠం చదవమనండి. లెక్కల్లో సరళరేఖలు, ఎకనామిక్స్‌లో డిమాండ్ సిద్ధాంతం బాగుంటాయి. టెస్టు పెట్టొద్దు, మార్కులు వేయొద్దు. ఏ పుస్తకం పిలవకుండానే రెండోసారి తీసింది, దేని గురించి మీతో మాట్లాడింది, అది గమనించండి. ఆ తర్వాత మీ వారినే, ఒంటరిగా, పాపను అడగమనండి. ‘ఏ గ్రూపు?’ అని కాకుండా ‘ఏది వద్దు?’ అని అడగమనండి. తండ్రికి ‘ఇది వద్దు’ అని చెప్పగలిగితే ‘ఇది కావాలి’ అన్న మాట తర్వాత దానంతట అదే వస్తుంది.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు పాపను వెంట తీసుకెళ్ళండి. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టొద్దని, నలుగురిలో అవమానించొద్దని అందులో ఉంది. కాబట్టి ప్రిన్సిపాల్‌ను మొహమాటం లేకుండా అడగండి: కౌన్సెలర్ ఎవరు, ఒకసారి కలవొచ్చా? సెక్షన్లు దేన్నిబట్టి వేస్తారు? పిల్ల ఇంటికి ఫోన్ చేయాలంటే ఎప్పుడు చేయొచ్చు? నెల తర్వాత గ్రూపు మారాలన్నా, మానేయాలన్నా ఫీజులో ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసిస్తారా? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట మీ పాపను చేర్చకండి, బయట ఎన్ని ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టినా సరే.

ఫలితాలు వచ్చాక మళ్ళీ రాయండి. వీలైతే ఈసారి పాపనే రాయమనండి, మీరు చదవకుండా పంపనివ్వండి.