బండి ట్యాంకు మీద గీత గీసే పని బతుకుదెరువు అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేశాడు. డిగ్రీ వద్దు, బుల్లెట్ ట్యాంకుల మీద చేత్తో సన్నని గీతలు గీసే పని నేర్చుకుంటానని పట్టుబట్టాడు. సాయంత్రమైతే ఆటోనగర్‌లోనే ఉంటున్నాడు. ఒప్పుకోవచ్చా? ఎక్కడ నేర్పించాలి? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ఒప్పుకోండమ్మా. అయితే గీత ఒక్కటే నేర్చుకుంటే ఇల్లు గడవదు. ఆ సంగతి బాబుకు ఇప్పుడే తెలియాలి.

ఈ విద్యకు విలువ తగ్గలేదు. చెన్నైలో తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ట్యాంకుల మీద బంగారు రంగు గీతలను తరాలుగా అదే పనిలో ఉన్న ఒక కుటుంబం చేత్తో గీస్తూ వచ్చింది. ట్రయంఫ్ కంపెనీ కూడా కొన్ని మోడళ్లకు చేత్తోనే గీయిస్తుంది. కానీ అలాంటి ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతా బండ్లు ఎక్కువగా స్టిక్కర్లతోనే వస్తాయి.

ఇదే పేరుతో కోర్సు ఉందా అని వెతుకుతూ ఏడాది పోగొట్టుకోవద్దు. ఫ్లెక్సీలు రాకముందు దుకాణాల బోర్డులు చేత్తో రాసిన పెయింటర్లు వరంగల్‌లో ఇంకా ఉన్నారు. లారీల మీద పేర్లు, బడి గోడల మీద అక్షరాలు రాస్తూ కనిపిస్తారు. వారిలో ఒకరి దగ్గర బాబును కుదర్చండి. వణకకుండా గీత లాగే చెయ్యి వారిది. పుస్తకాలు, వీడియోలు ఆ చేతిని ఇవ్వలేవు. వీలు చూసుకుని నిర్మల్‌కు కూడా తీసుకెళ్లండి. అక్కడి చిత్రకారులు చెక్క మీద వాడే డ్యూకో రంగులు మొదట బండ్ల కోసం వచ్చినవే. వారి పనితనాన్ని దగ్గరగా చూడటం కూడా ఒక పాఠమే.

ఈ పనికి వాడే కుంచె వేరు. పిడి పొట్టిగా, వెంట్రుకలు పొడవుగా, కత్తి అంచులా ఏటవాలుగా ఉంటాయి. పొడవాటి వెంట్రుకలు రంగును బాగా పట్టి ఉంచుతాయి కనుకే మధ్యలో ముంచకుండా ఒకే ఊపున గీత సాగుతుంది. ఎనామిల్ రంగులో ముంచిన కుంచెను నున్నటి అట్ట మీద అటూ ఇటూ దువ్వి పదును తేవాలి. రంగు పలచనైతే గీత పాకుతుంది, చిక్కనైతే తెగుతుంది. చిటికెనవేలు ట్యాంకు మీద ఆనించి, కుంచెను తన వైపు లాగాలి. వంపు వచ్చిన చోట వేళ్ల మధ్య కుంచెను మెల్లగా దొర్లించాలి. ముగ్గు వేసేటప్పుడు మీ చూపు తరువాతి చుక్క మీద ఉంటుంది కదా, ఇక్కడా అంతే. చూపు కుంచె కన్నా ముందు నడవాలి.

సాధనకు ఒక అద్దం ముక్క, పాత సామాన్ల దుకాణంలో దొరికే ట్యాంకు చాలు. రంగు ఆరకముందే టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసి మళ్లీ గీయవచ్చు. నిండుగా ఆరు నెలలు ఇలా గీయనివ్వండి. అంతవరకు ఎవరి బండినీ ముట్టుకోవద్దని చెప్పండి. తరువాత కూడా, ట్యాంకును బండి నుంచి విప్పి, పెట్రోలు పూర్తిగా తీశాకే పని మొదలుపెట్టాలి.

ఇక సంపాదన. ఉదయం పూట ఆటోనగర్‌లోనే టింకరింగ్, పెయింటింగ్ షాపులో చేరాలి. పుట్టీ పెట్టడం, ఎమెరీ కాగితంతో రుద్దడం, ప్రైమర్, స్ప్రే, రంగు మీద మెరుపు కోసం వేసే క్లియర్ కోటు అన్నీ రావాలి. రోజూ డబ్బు తెచ్చేది ఈ పనే. గీతల పని దాని మీద అదనపు ఆదాయం. ఐటీఐలలో పెయింటర్ జనరల్ అనే రెండేళ్ల ట్రేడు ఉంది. దగ్గర్లోని ఐటీఐలో సీటు దొరికితే సర్టిఫికెట్ కూడా చేతికొస్తుంది. బండి అసలు రంగే మార్చమని ఎవరైనా అడిగితే, ఆర్‌సీలో నమోదు చేయించాలని వారికి ముందే చెప్పడం కూడా నేర్చుకోవాలి.

డిగ్రీని పూర్తిగా వదిలేయనక్కరలేదు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పని చేసుకుంటూనే చదవవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం బాబు మాట వినకండి. స్ప్రే చేసే క్లియర్ కోటు గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో సాధారణంగా ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పిస్తాయి. ముఖానికి రుమాలు కట్టుకుంటే ఆగవు. ఆ పనికి తగిన రెస్పిరేటర్ మాస్కు, గాలి బయటికి లాగే ఫ్యాను ఉన్న షాపు దొరికాకే స్ప్రే గన్ పట్టనివ్వండి. అవి లేని షాపులో ఎంత జీతం ఇస్తామన్నా చేర్చవద్దు.