నేలపట్టు వెళ్లే ముందు బుజ్జికి

బుజ్జీ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి నన్ను వాయించింది. చిన్నప్పుడు స్టూడియోలో కూర్చోబెట్టుకుని నీ చేతికి కెమెరా ఇచ్చింది నేనేనట. ఇప్పుడు నువ్వు సంక్రాంతికి ఇంటికి రాకుండా పక్షుల ఫొటోలకని నేలపట్టు, పులికాట్ పోతానంటున్నావంటే ఆ పాపం నాదేనట. ఒప్పేసుకున్నాను. లోపల సంతోషమేసిందనుకో, ఆ మాట మాత్రం మీ అమ్మతో అనలేదు.

తర్వాత అసలు సంగతి చెప్పింది. అమీన్‌పూర్ చెరువు దగ్గర తీసిన పెయింటెడ్ స్టార్క్ కొంగ ఫొటో మీ పక్షుల గ్రూపులో పెడితే తలా ఓ మాట అని ఏకిపారేశారని, నువ్వు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని. ఇప్పుడు ఈఎంఐ మీద పెద్ద లెన్స్ కొని, గూడబాతు (పెలికాన్) పిల్లల్ని గూటి దగ్గరికెళ్లి తీసి అందరి నోళ్లూ మూయిస్తానన్నావని. ఆ చివరి మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. బ్యాటరీలు, కార్డులు అదనంగా పెట్టుకో. మట్టి రంగు బట్టలు వేసుకో, ఆ గులాబీ చున్నీ ఇంట్లో వదిలెయ్. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు పక్కలా పక్షులుంటాయి. కారు ఓ పక్కకి ఆపుకుని కిటికీలోంచే తియ్యి. మనిషి దిగితే లేచిపోయే పక్షి కారుని అంతగా పట్టించుకోదు. దిగి నీళ్ల వైపు మాత్రం నడవకు. పైకి ఎండినట్టు కనిపించే బురదలో కాలు పెడితే మోకాలి దాకా దిగబడతావు. నీకిది ముసలాడి చాదస్తంలా ఉంటుంది. కానీ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టిన మనిషికి కాళ్ల కింద ఏముందో తెలియదు. ఒక్కదానివే పోవద్దు. నీతో వచ్చేవాళ్ల దగ్గర కెమెరా ఉండకూడదు, అది నా షరతు. ఇద్దరూ పక్షినే చూస్తుంటే నేలని చూసేదెవరు?

ఇక నీ ఫొటో. మీ అమ్మ నాకు పంపింది. బాగాలేదమ్మా. కానీ ఎందుకు బాగాలేదో నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఒకాయన ‘మెత్తగా ఉంది, లెన్స్ మార్చు’ అన్నాడట, అంటే గీతలు పదునుగా లేవని. మెత్తగా ఉందన్నది నిజమే. నీడ చూడు, పక్షి కాళ్ల దగ్గరే ఉంది. బాగా పొద్దెక్కాక తీశావు. వెనకున్న గట్టు గీత వంకర్లు పోయింది. నువ్వు నిలబడ్డ చోటు నుంచి పక్షి దాకా ఎండిన నేలే. ఆ నేల మీంచి వేడిగాలి లేస్తుంటే అందులోంచి దూరపు పక్షిని తీస్తే, ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా ఈకలు కరిగిపోయినట్టే వస్తాయి. పెద్ద లెన్స్ కొంటే ఇంకా దూరం నుంచి తీస్తావు, ఇంకా కరుగుతాయి. పొద్దున్నే, ఎనిమిది లోపు, ఉన్న లెన్స్‌తోనే అదే పక్షిని తీసి చూడు. ఈఎంఐ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

తెల్ల ఈకలు కాలిపోయాయన్నావిడ (వెలుగెక్కువై గీతలు చెరిగిపోయాయని) మాట నూటికి నూరుపాళ్లూ కరెక్టు. తెల్ల పక్షిని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించుకో. పోయిన వివరం తర్వాత కంప్యూటర్‌లో వెతికినా దొరకదు. ‘రికార్డ్ షాట్’, అంటే పక్షిని చూశానని చెప్పుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాని ఫొటో, అన్నవాడిని పట్టించుకోకు. ‘డిలీట్ చెయ్’ అన్నవాడు నీ ఫొటో గురించి ఏమీ చెప్పలేదు, తన గురించి చెప్పుకున్నాడు. మొత్తం మీద జబ్బు ఎక్కడుందో చెప్పినవాడి మాట విను, మందు చెప్పినవాడిని మాత్రం వెంటనే నమ్మకు.

మా రోజుల్లో సెలూన్ పోటీలకి, అంటే ఫొటో ప్రదర్శనల పోటీలకి, ప్రింట్లు అట్టల మధ్య పెట్టి పోస్టులో పంపేవాళ్లం. నెలల తర్వాత పార్సిల్ తిరిగొచ్చేది, లోపల ఒక కార్డు, దాని మీద ముగ్గురు జడ్జీల మార్కులు కలిపి ఒక అంకె. ఎందుకు తీసేశారో చెప్పే నాథుడు లేడు. నీకేమో అరగంటలో నలభై మంది చెబుతున్నారు. ఏది మేలో నాకింకా తేలలేదు. మా ఫొటో క్లబ్బు మీటింగులో మాత్రం మొహం మీదే అనేవాళ్లు. అని, టీ తాగించేవాళ్లు.

ఆ మీటింగుల్లోనే ఒకాయన ఉండేవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు నెల్లూరులోనే ఉన్నారు. బ్యాంకు ఉద్యోగం, నెమ్మదస్తుడు, చెయ్యి మంచిది. ఓసారి ఆయన పక్షి ఫొటో చూసి మా పెద్దాయన ఒకరు అందరి ముందూ ‘ఇది పిట్ట ఫొటోనా, కంప ఫొటోనా?’ అన్నారు. వెనక అంతా కొమ్మలే ఉన్నాయిలే. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

వేసవిలో ఒక రోల్ తెచ్చి కడగమని ఇచ్చాడు. రోల్‌లోని ఫ్రేములన్నీ చిన్నచిన్నగా ఒకే కాగితం మీద వేసిన కాంటాక్ట్ షీట్ మీద లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తున్నాను. పిగిలిపిట్ట గూడు, గోరింట పొదలో. మొదటి ఫ్రేముల్లో ఆకులు అడ్డం, గూడు సగమే కనిపిస్తోంది. తర్వాత ఉన్నట్టుండి ఆకుల్లేవు. గూటి పక్కన కొమ్మ తుంచిన చోట తెల్లగా పచ్చి చెక్క. వెనక శుభ్రంగా, నున్నగా, పెద్దాయన కోరుకున్నట్టే ఉంది. గూట్లో మూడు పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ‘ఆకలి మీద భలే దొరికాయి’ అన్నాడు ఆయన.

ఆకలైన పిల్ల మెడ నిక్కించి పైకి చాస్తుంది బుజ్జీ. ఈ పిల్లల మెడలు గూటి అంచు మీద వాలిపోయి ఉన్నాయి. ఏ ఫ్రేములోనూ తల్లి లేదు. అవి తిండి అడగడం లేదు, ఎండకి రొప్పుతున్నాయి. ఏప్రిల్‌లో నెల్లూరు ఎండ నీకు తెలుసు కదా, ఆ ఆకులే వాటికి పందిరి. ఆ ప్రింట్ సెలూన్‌కి సెలెక్టయింది, సర్టిఫికెట్ వచ్చింది. ఆయన స్వీట్లు పంచాడు. చాలా ఏళ్ల తర్వాత, రిటైరయ్యాక, ఆయనే ఒకరోజు స్టూడియోకి వచ్చి చెప్పాడు: రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్తే గూడు ఖాళీ అని, కాకి ఎత్తుకుపోయి ఉంటుందని. ఆకులుంటే కాకి కంట పడేవి కావు. ఆయనకి పక్షులంటే ప్రేమ లేకపోలేదు. ఆదివారం వస్తే పులికాట్ గట్టు మీదే ఉండేవాడు. ఆ రోజు మీటింగులో నవ్విన నవ్వుని మర్చిపోలేకపోయాడు, అంతే.

ఇప్పుడు నీ శపథం సంగతి అర్థమైందా? వాళ్ల తిట్లకి నువ్వు ఏడిస్తే నాకు అంత భయం లేదు. ఏడ్చినవాళ్లు తేరుకుంటారు. వాళ్ల మెప్పు కోసం ఇంకో పది అడుగులు ముందుకేస్తావేమోనని భయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పక్షి గుడ్లని, గూటిని ఇబ్బంది పెట్టడం కూడా వేట కిందికే వస్తుంది, తుపాకీ ఉండక్కర్లేదు. నేలపట్టులో గూడబాతులు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద పక్కపక్కనే గూళ్లు పెడతాయి. ఒకటి బెదిరి లేస్తే పక్కవీ లేస్తాయి, పిల్లలు ఎండకీ కాకులకీ మిగులుతాయి. చూడ్డానికి టవర్ ఉంది, అక్కడి నుంచి ఎంత కనిపిస్తే అంతే. పులికాట్‌లో ఫ్లెమింగోలు ఎగిరితే రెక్కల ఎరుపు బాగుంటుందని ఎవడో చప్పట్లు కొట్టి లేపుతానంటాడు. గట్టిగా వద్దను.

కాబట్టి గ్రూపులో ఎవరైనా ‘పక్షికి మరీ దగ్గరికెళ్లావు’ అంటే, ఎంత కటువుగా అన్నా సరే, వాదించకు. ఫొటో తీసెయ్. లండన్‌లో జరిగే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో గేటు దూకుతున్న తోడేలు ఫొటోకి మొదటి బహుమతి వచ్చింది. అది అడవి తోడేలు కాదు, పెంపుడుదని స్పెయిన్‌లో సాటి ఫొటోగ్రాఫర్లే అనుమానపడ్డారు. విచారించి 2010 జనవరిలో బహుమతి రద్దు చేశారు. జడ్జీలకి కనిపించనిది సాటివాళ్ల కంట పడింది. నోరు చెడ్డవాళ్లందరి చూపూ చెడ్డదనుకోకు.

గూటి ఫొటో ఎక్కడా పెట్టకు. మిగతావాటికీ ఎక్కడ తీశావో ఆనవాళ్లు తీసేసి పెట్టు, నీ వెనకే ఇంకో పదిమంది బయల్దేరతారు. రాత్రిపూట కామెంట్లకి జవాబు రాయకు. నిన్ను ఏడిపించారని తెలిసి నేనే ఆ గ్రూపులో చేరి నాలుగు దులుపుదామనుకున్నాను, మీ అత్తయ్య ఫోన్ లాక్కుంది.

లెన్స్ అద్దెకి తీసుకో, కొనకు. కిటికీ మీద పెట్టుకోడానికి బీన్ బ్యాగ్ ఒకటి అత్తయ్య కుడుతోంది, ఖాళీగా పంపిస్తాం, బియ్యం పోసుకో. తిరుగు ప్రయాణంలో నెల్లూరు రా, మీ అమ్మతో నేను మాట్లాడుకుంటాను. కార్డులు ఖాళీ చెయ్యకుండా, క్రాప్ చెయ్యకుండా, తీసినవి తీసినట్టే పట్టుకురా. ఏకిపారేసేవి ఏవైనా ఉంటే ముందు నేను ఏకుతాను, ఆ తర్వాత నీ గ్రూపులో పెడుదువుగాని.

మీ మామయ్య