వదిన వచ్చిందంటే ఊపిరాడదట!

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు 39 ఏళ్లు. నాన్న పోయేనాటికి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. చదువు మానేసి, కుట్టుమిషన్ తొక్కి ఇద్దరు తమ్ముళ్లను చదివించాను. ఇప్పుడు నల్లగొండలో సొంతంగా టైలరింగ్ షాపు నడుపుతున్నాను. నా దగ్గర పనిచేసే నలుగురు అమ్మాయిలూ ‘అక్కకున్నంత ఓపిక ఎవరికీ లేదు’ అంటారు. సద్దుల బతుకమ్మకు పుట్టింటికి వెళ్లాను. పెద్ద తమ్ముడి భార్య పేర్చిన బతుకమ్మలో గునుగు పూల వరుస వంకరగా ఉంటే విప్పి చక్కగా పేర్చి ఇచ్చాను. సాయంత్రం ఆమె తన చెల్లెలితో ‘వదిన వచ్చిందంటే నాకు ఊపిరాడదు’ అనడం నా చెవిన పడింది. మర్నాడు తెల్లవారగానే బస్సెక్కి వచ్చేశాను. మావారికి చెబితే ‘ఇప్పుడు తెలిసిందా?’ అని నవ్వారు. తమ్ముడికి రోజూ పంపే వాయిస్ మెసేజ్‌లు కూడా ఆపేశాను. నేను నాకు తెలిసిన మనిషినా, వాళ్లకు కనిపించే మనిషినా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు ఏడిపించే వాక్యం చదువు మానేయడం గురించి రాసినది. నన్ను ఆపింది మాత్రం గునుగు పూల వాక్యం.

మీరు దాన్ని సాయంగానే రాశారు. సాయమే చేయాలనుకున్నారు, నాకు అనుమానం లేదు. ఇక ఆ తాంబాళానికి అటువైపు కూర్చోండి. పొద్దున్నే తంగేడు తెప్పించి, గునుగు కాడలు సమంగా కత్తిరించి, రంగులద్ది, వరుస మీద వరుస పేర్చుకుంటూ వచ్చిన మనిషి అక్కడ ఉంది. వాడకట్టు ఆడవాళ్లంతా ఎవరి బతుకమ్మ ఎంత ఎత్తుందో, ఎలా కుదిరిందో చూసే రోజది. అప్పుడు ఆడబిడ్డ వచ్చి వరుసలు విప్పింది. మీరు చూసింది వంకరను. ఆమె చూసింది విప్పే చేతిని.

మనల్ని మనం మనసులో ఉన్నదాన్ని బట్టి లెక్క కట్టుకుంటాం. ఎదుటివారికి ఆ మనసు కనిపించదు, మన మాట, మొహం, చేయి కనిపిస్తాయి. సిమిన్ వజీర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2010లో ప్రచురించిన పరిశోధనలో ఇలాంటి ప్రశ్నే తీసుకున్నారు: ఒక మనిషి గురించి ఎవరికి బాగా తెలుసు, తనకా, స్నేహితులకా? లోపలి ఆందోళన లాంటి వాటి విషయంలో ఎవరి సంగతి వారికే బాగా తెలుసని తేలింది. తెలివి, సృజన లాంటి పేరు తెచ్చే గుణాల దగ్గరికి వస్తే స్నేహితుల అంచనాయే నిజానికి దగ్గరగా ఉంది. అక్కడ మన మీద మనకున్న అభిమానం అడ్డం వస్తుంది. ఓపిక కూడా పేరు తెచ్చే గుణమే కాబట్టి, దాని సంగతి మనల్ని అడిగితే లాభం లేదని నా అభిప్రాయం.

మరి షాపులో అమ్మాయిలు చెప్పింది అబద్ధమా? కాదు. జీతం ఇచ్చే అక్క గురించి కాస్త మెత్తగా మాట్లాడి ఉండవచ్చు, అది వేరే సంగతి. అసలు తేడా మరొకచోట ఉంది. షాపులో కుట్టు వంకర పోతే విప్పించి మళ్లీ కుట్టించడం మీ పని. ఆ పిల్లలు మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చారు. మీ మరదలు మీ దగ్గర నేర్చుకోవడానికి కాపురానికి రాలేదు.

మీ నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, చూసే ఉంటారు. ఎండ ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభంలాంటి నీడ ఒకటి పొద్దంతా ఒక్కచోటే నిలిచి ఉంటుంది. గుళ్లో అది శిల్పుల నేర్పు. మనుషుల మధ్య అలాంటి నీడ ఉంటే ఇబ్బందే. తమ్ముడికి ఇల్లు, భార్య, పిల్లలు వచ్చినా మీ మనసులో అతను ఇంకా ఫీజు కట్టాల్సిన పిల్లవాడిగానే ఉన్నాడేమో చూసుకోండి.

ఇలా అన్నానని మరదలి మాటను తీర్పుగా తీసుకోకండి. సద్దుల రోజు పొద్దుటి నుంచి పులిహోర, పెరుగన్నం, మలీద అంటూ పొయ్యి ముందు నిలబడి, సొంత చెల్లెలి దగ్గర విడిచిన నిట్టూర్పు అది. మీ ముందు అనలేదంటే భయం ఉంది, బహుశా మర్యాద కూడా ఉంది. జోసెఫ్ లుఫ్ట్, హ్యారీ ఇంగ్‌హామ్ అనే ఇద్దరు 1955లో మనిషిని నాలుగు గదుల కిటికీగా గీసి చూపించారు. ఇతరులకు కనిపించి మనకు కనిపించని గది ఒకటి. మనకు తెలిసి ఇతరులకు తెలియనిది మరొకటి. మిషన్ తొక్కిన ఆ ఏళ్లను మరదలు చూడలేదు. మీరు ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉంటే, కథలా చెప్పారా, అప్పు గుర్తుచేసినట్టు చెప్పారా?

మీవారి నవ్వు గురించి ఒక మాట. ఇన్నేళ్లుగా తెలిసి ఊరుకున్న మనిషికి ఇప్పుడు నవ్వే హక్కు కాస్త తక్కువే. అయినా ఆయన పనికొస్తారు. ‘నేను పెత్తనం చేస్తానా?’ అని అడిగితే అవుననో కాదనో తేల్చేసి టీవీ వైపు తిరుగుతారు. ఏ రోజు, ఎవరి ఇంట్లో, ఏ మాట అన్నప్పుడు ఆయనకు అలా అనిపించిందో అడగండి. చెబుతున్నప్పుడు మధ్యలో సంజాయిషీ ఇవ్వకండి, అది చాలా కష్టం.

ఇంకో సాక్షి మీ ఫోనులోనే ఉంది. మొదటిసారి రికార్డులో నా గొంతు విన్నప్పుడు ఇదెవరిది అనుకున్నాను. మనం మాట్లాడుతుంటే మన గొంతు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల గుండా కూడా మన చెవికి చేరుతుంది. అందుకే మనకు నిండుగా వినిపిస్తుంది, బయటివారికి ఆ నిండుదనం అందదు. తమ్ముడికి పంపిన చివరి పది మెసేజ్‌లు ఒక్కరే కూర్చుని వినండి. ‘తిన్నారా, ఎలా ఉన్నారు’ అనేవి ఎన్ని? ‘అది చేయి, ఇది చేయకు, నేను ముందే చెప్పాను’ అనేవి ఎన్ని? కాగితం మీద గీతలు పెట్టుకోండి. రెండో రకం తక్కువ ఉంటే సంతోషం, నాకు ఇంకో ఉత్తరం రాసి తిట్టండి.

తమ్ముడికి మెసేజ్‌లు మానేయడం మాత్రం వద్దు. కారణం అతనికి తెలియదు, అక్కకు ఏమైందోనని దిగులు పడతాడు. మీరు విన్న మాటను ఎత్తి మరదలిని నిలదీయకండి, చాటుగా విన్న మాటకు జవాబు చెప్పించుకోవడం న్యాయం కాదు. నాలుగు రోజులాగి ఆమెకే ఫోను చేసి, గునుగు పూలకు అద్దిన ఆ రంగు ఎక్కడ కొన్నదో అడగండి. ఆమె చెప్పాక, అంతకంటే మంచి రంగు ఎక్కడ దొరుకుతుందో మీకు తెలిసినా చెప్పకండి.